ప్రోగ్రామ్ రన్ అవుతోంది, పాండాస్ పక్కన డాట్ కొడితే మాత్రం సజెషన్లు రావట్లేదు

ప్రశ్న:
విండోస్ 11, వీఎస్ కోడ్ ఎడిటర్. పైథాన్, పైలాన్స్ (కోడ్ చదివి సజెషన్లు ఇచ్చేది) ఎక్స్‌టెన్షన్లు రెండూ ఉన్నాయి. స్ట్రింగ్ పక్కన డాట్ కొడితే స్ప్లిట్, స్ట్రిప్ లాంటివి వస్తున్నాయి. పీడీ (డేటా టేబుళ్ళ లైబ్రరీ పాండాస్‌ని ఈ పేరుతోనే ఇంపోర్ట్ చేశాను) పక్కన కొడితే ఏమీ రాదు, పాండాస్ ఇంపోర్ట్ కింద పసుపు గీత కూడా ఉంది. అదే ఫైలు టెర్మినల్లో వెన్వ్ (ఈ ప్రాజెక్టుకి విడిగా పెట్టుకున్న పైథాన్) యాక్టివేట్ చేసి నడిపితే ఏ ఎర్రరూ లేదు. ఎక్స్‌టెన్షన్లు తీసి మళ్ళీ వేసినా అంతే.

జవాబు 1:
స్ట్రింగ్‌కి వస్తున్నాయంటే పైలాన్స్ పని చేస్తున్నట్టేనండీ, దాన్ని మళ్ళీ వేసి లాభం లేదు. అది పాండాస్‌ని వెతికే పైథాన్ ఒకటి, మీరు టెర్మినల్లో నడిపేది ఇంకొకటి.

కంట్రోల్+షిఫ్ట్+పి నొక్కి "పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్" తెరవండి. లిస్టులో మీ వెన్వ్ ఉంటే ఎంచుకోండి. లేకపోతే అక్కడే పాత్ ఇచ్చే వీలుంటుంది: వెన్వ్ ఫోల్డర్‌లో స్క్రిప్ట్స్ లోపలున్న పైథాన్ డాట్ ఈఎక్స్ఈ చూపించండి (లినక్స్, మ్యాక్‌లలో అయితే బిన్ ఫోల్డర్). ఏ పైథానో అనుమానం ఉంటే, టెర్మినల్లో సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ ప్రింట్ చేయండి. అక్కడ వచ్చిన పాతే ఇక్కడా ఉండాలి.

వెన్వ్ లిస్టులో కనబడకపోవడానికి తరచుగా ఉండే కారణం: ప్రాజెక్టు ఫోల్డర్‌ని కాకుండా దాని పై ఫోల్డర్‌నో, ఒక్క ఫైలునో తెరిచి ఉంటారు. ఓపెన్ ఫోల్డర్‌తో వెన్వ్ ఉన్న ఫోల్డర్‌నే తెరవండి.

అడిగినవారు:
గీత పోయింది, పీడీకి లిస్టు వస్తోంది. థ్యాంక్స్. కానీ నేను రాసిన ఫంక్షన్ లోపల డీఎఫ్ అనే పారామీటర్ పక్కన ఇంకా ఖాళీయే.

జవాబు 2:
దానికీ సెట్టింగులకీ సంబంధం లేదు. పైలాన్స్ మీ కోడ్‌ని రన్ చేయదు, చదువుతుందంతే. డీఎఫ్ ఏమిటో ఫంక్షన్‌లో ఎక్కడా రాయనప్పుడు దానికెలా తెలుస్తుంది? పారామీటర్ పక్కన కోలన్ పెట్టి పీడీ డాట్ డేటాఫ్రేమ్ అని రాయండి. హెడ్, గ్రూప్‌బై, మెర్జ్ అన్నీ వస్తాయి.

జేసన్ టెక్స్ట్‌ని పైథాన్ డేటాగా మార్చే జేసన్ లోడ్స్‌తో ఇదే తలనొప్పి ఇంకోచోట తగులుతుంది. దాని రిటర్న్ టైపు ఎనీ, అంటే ఏదైనా కావచ్చు, అందుకే ఏదీ చూపదు. ఆ వేరియబుల్‌కీ టైపు మీరే రాయాలి.

కాలమ్ పేర్లు మాత్రం టైపు రాసినా రావు. అవి ఉండేది మీరు లోడ్ చేసే సీఎస్‌వీ లాంటి డేటా ఫైల్లో, కోడ్‌లో కాదు. జూపిటర్ నోట్‌బుక్‌లో సెల్ నడిపాక వస్తాయి, ఎందుకంటే అక్కడ కెర్నల్ (సెల్స్‌ని నడిపే ప్రోగ్రామ్) దగ్గర అసలు డేటా ఉంటుంది.

జవాబు 3:
మ్యాక్ వాడేవాళ్ళకి ఒక మాట. తెలుగు కీబోర్డు కూడా పెట్టుకుని ఉంటే, కంట్రోల్+స్పేస్ నొక్కినప్పుడు సజెషన్లు రాకుండా భాష మారిపోవచ్చు. ఆ షార్ట్‌కట్‌ని సిస్టమే ముందు పట్టేసుకుంటుంది. కీబోర్డ్ షార్ట్‌కట్స్‌లో ఇన్‌పుట్ సోర్సెస్ కింద దాని టిక్ తీసేయండి. భాష మార్చడానికి అదే అలవాటైపోతే, వీఎస్ కోడ్‌లో "ట్రిగ్గర్ సజెస్ట్"కి వేరే కీ ఇచ్చుకోండి.