జిరాక్స్ షాపు నడుపుకునేవాణ్ని, ఇండిపెండెంట్‌గా కార్పొరేటర్‌కు నిలబడాలని ఉంది. నన్ను ఏం అడుగుతారు?

ఉర్సు జిరాక్స్:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది వరంగల్, ఉర్సు కరీమాబాద్ వైపు. పద్దెనిమిదేళ్లుగా చిన్న జిరాక్స్ షాపు నడుపుతున్నా. షాపు పేరు ఇక్కడ రాయను, రాస్తే అప్పుడే ప్రచారం మొదలుపెట్టిండు అంటారు. ఈసారి మా డివిజన్ నుంచి ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేద్దామని ఉంది. మా గల్లీలో అడిగితే అందరూ "వెయ్యన్నా, మేమున్నాం" అనేవాళ్లే. మొహం మీద ఎవరు వద్దంటారు? అందుకే మొహాలు కనపడని చోట అడుగుతున్నా. నాలాంటోడు మీ గడప ముందుకొచ్చి ఓటడిగితే మీరు ఏం అడుగుతారు?

ముందు నా సంగతి చెప్తా. మా నాయన ఆజంజాహి మిల్లు కార్మికుడు. 1934 నాటి మిల్లు అది. మూతపడ్డాక ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోశాడు. సీజన్లో ఆయన చొక్కా ఉతికితే నీళ్లు కూడా ఘాటెక్కేవి, అమ్మ తుమ్ముకుంటూ ఉతికేది. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఆపేసి సెకండ్‌హ్యాండ్ మిషన్ ఒకటి కొన్నా. ఇప్పుడున్నది మూడోది.

జిరాక్స్ షాపులో కూర్చుంటే వాడకట్టు కష్టమంతా గ్లాసు మీద బోర్లా పడుకుంటుంది. పింఛను దరఖాస్తు, ఇంటి పన్నులో పేరు మార్పు, పుట్టిన సర్టిఫికెట్లో తప్పు, నల్లా కనెక్షన్. ఒక పెద్దమ్మ ఒకే అర్జీని ఏడుసార్లు కాపీ తీయించుకుంది. పోయినప్పుడల్లా "ఇంకోటి ఇచ్చిపో" అన్నారట. ఏ ఆఫీసో వదిలేయండి, పేరు ముఖ్యం కాదు. ఐదోసారి నుంచి నేను పైసలు తీసుకోలేదు. ఏడోసారి షట్టర్ సగం దించి ఆమె వెంట పోయా. మా దగ్గర ఉంచుకునే కాపీ మీద ముద్ర, తేదీ, సంతకం వేసి ఇవ్వమన్నా. అరగంట గొణిగి వేశారు. ఆ ముద్ర పడ్డాకే పని కదిలింది. అప్పటిదాకా ఆమె అర్జీ ఇచ్చినట్టు ఎక్కడా రాసుకోనేలేదు.

రెండోది 2023 జూలై 27. ఆ వాన వరంగల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగాయి, రెండు రోజులకు భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ దగ్గర తెగింది. మా గల్లీలోకి నాలా నీళ్లు తెల్లవారుజామున వచ్చాయి. మిషన్‌ను నేను, మా బావమరిది కలిసి టేబుల్ మీదికెత్తాం. టేబుల్ కూడా మునిగింది. మిషన్ పోయింది. నేను చెప్పాలనుకున్నది మిషన్ గురించి కాదు. మూడో రోజు నుంచి జనం తడిసిన కాగితాలు పట్టుకుని వచ్చారు. టెన్త్ మెమోలు, ఇంటి దస్తావేజులు, ఒకామె పెళ్లి ఫోటో. లామినేషన్ చేయించినవి ఇంకా ఘోరం. అంచులోంచి నీళ్లు పోయి లోపలే నానిపోయాయి. మేడ మీద తాడు కట్టి ఆరబెట్టాం. తర్వాత పాత పేపర్ల మధ్య పెట్టి ఇస్త్రీ పెట్టె సన్న వేడి మీద ఒక్కొక్కటి ఆరించాం. ప్రింటు అక్షరాలు నిలిచాయి. పెన్నుతో రాసినవి, ఊదారంగు ముద్రలు పారిపోయాయి. నాలుగు రోజులు ఇదే పని. ఎవరి ఇంట్లో ఏ కాగితం లేదో, ఎందుకు లేదో అప్పుడు తెలిసింది. నిలబడాలన్న ఆలోచన కూడా ఆ మేడ మీదే పుట్టింది, అబద్ధం ఎందుకు.

గెలిస్తే నేను చేస్తానని మాట ఇవ్వగలిగినవి మూడే. వానాకాలానికి ముందు, అంటే మే నెలలోనే, మా డివిజన్‌లో నాలా పొడవునా జనంతో కలిసి నడుస్తా, పూడిక తీయకముందు ఒక ఫోటో, తీశాక ఒక ఫోటో గోడకు అతికిస్తా. డివిజన్ వాళ్లు నాకిచ్చే ప్రతి అర్జీకి తేదీ వేసి రసీదు ఇస్తా. మూడోది వార్డు కమిటీలు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు యువకులు, మహిళలు, పెద్దవయసు వాళ్లు, ప్రముఖులు అని నాలుగు కమిటీలుండాలి, ఒక్కోదాంట్లో 15 మంది. మా షాపుకొచ్చే వాళ్లలో "నేను ఫలానా కమిటీలో ఉన్నా" అన్న మనిషి ఇంతవరకు తగల్లేదు. ఆ 60 మంది పేర్లు బోర్డు మీద రాసి, కూర్చోబెట్టాలని ఉంది.

ఇక అడగండి. తిట్టినా సరే.

ఒకసారి ఓడినోడు:

తమ్మీ, నేను కరీంనగర్ అవతల ఒక మున్సిపాలిటీలో ఇండిపెండెంట్‌గా నిలబడ్డా. 118 ఓట్లు వచ్చాయి. మా ఇంటిపేరు వాళ్లవే ఆ వార్డులో 140 ఓట్లున్నాయి. ఇప్పటికీ దసరా నాడు జమ్మి చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటుంటే, "వీడు వేశాడా, లేదా" అని లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. ఆ రోగం నీకు రావొద్దని చెప్తున్నా.

పని విషయాలు. నిన్ను ప్రతిపాదించే మనిషి అదే డివిజన్ ఓటరై ఉండాలి. పక్క డివిజన్ దోస్తును తీసుకుపోకు. అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ రాయాలి. ఒక్క గడి ఖాళీగా వదిలినా పరిశీలన రోజు గుండె దడ. లేదంటే "లేదు" అని రాయి, గీత గీయకు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ గల్లంతు. ఓడాక ఇంటికి పోయి పడుకోవడం కాదు, ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఖర్చు లెక్కలు ఇవ్వాలి. నాతో నిలబడ్డ ఒకాయన ఇవ్వక తర్వాతి ఎన్నికకు అనర్హుడయ్యాడు.

అన్నిటికంటే పెద్ద కష్టం గుర్తు. పార్టీ వాళ్లది ఐదేళ్లూ గోడ మీద ఉంటుంది. నీది నామినేషన్ల ఉపసంహరణ అయ్యాక వస్తుంది. ఆ తర్వాత నీకు మిగిలేది కొన్ని రోజులే. ముసలోళ్లకు ఆ గుర్తు ఎట్లా చెప్తావో ఇప్పుడే ఆలోచించుకో. నాకు వచ్చిన గుర్తు ఏమిటో నాకు ఓటేసిన మా అత్తమ్మకే సరిగ్గా గుర్తులేదు. ఆమె వేసింది నాకేనా అన్నది కూడా డౌటే.

సుబేదారి కుర్రాడు:

అన్నా, ఇస్త్రీ పెట్టె కథ బాగుంది కానీ లెక్క చూద్దాం. మన వరంగల్ కార్పొరేషన్‌కు 2021 ఏప్రిల్ 30న పోలింగ్ జరిగింది. 66 డివిజన్లు. అప్పటి టీఆర్ఎస్‌కు 48, బీజేపీకి 10, కాంగ్రెస్‌కు 4. మిగతా వాళ్లందరికీ కలిపి 4. ఆ నలుగురిలో ఒకడివి అయినావనుకో, మేయర్‌ను మార్చలేవు, బడ్జెట్‌ను ఆపలేవు. వరంగల్‌కు అసలు కావాల్సింది భూగర్భ డ్రైనేజీ. 2024లో 4,170 కోట్లతో దానికి రాష్ట్ర ప్రభుత్వం పరిపాలనా అనుమతి ఇచ్చింది. అంత పెద్ద పని మధ్యలో నువ్వు ఫోటోలు అతికిస్తే ఏమొస్తుంది?

ఇంకోటి. గెలిచిన ఇండిపెండెంట్ తెల్లారే ఎవరో ఒకరి కండువా కప్పుకుంటాడు. నువ్వు కప్పుకోవని గ్యారంటీ ఏంటి? ఓటు వేసేది నీకు, పోయేది వాళ్లకు అయితే నేరుగా వాళ్లకే వేస్తాం కదా.

ఉర్సు జిరాక్స్:

@ఒకసారి ఓడినోడు, అన్నా, "గీత గీయకు" అన్న మాట ఒక్కటే నాకు వెయ్యి రూపాయల సలహా. అఫిడవిట్లు నా షాపులో ఎన్నో కాపీలు తీశా గానీ ఆ కోణంలో ఎప్పుడూ చూడలేదు. గుర్తు సంగతికి జవాబు నా దగ్గర లేదు.

@సుబేదారి కుర్రాడు, తమ్మీ, నీ లెక్క సరైనదే. 4,170 కోట్ల పని నేను తెచ్చేది కాదు, ఆపేది కాదు. కానీ ఆ పైపు ఏదో ఒక రోజు మా గల్లీలోకి వస్తుంది కదా. రోడ్డు తవ్వుతారు. మట్టి ఎక్కడ పోస్తారు? ఇంటింటికీ కనెక్షన్ ఏ వైపు ఇస్తారు? మాది వాలు ఉన్న గల్లీ, మొదటి ఇంటికీ చివరి ఇంటికీ నిలువెత్తు తేడా. ఇంజనీరు మ్యాపులో అది గీతలాగే కనపడుతుంది. చివర్లో ఉండే చాకలి వాళ్ల ఇంట్లోకి మురుగు ఎగదన్నుతుందని వాళ్లను అడిగితేనే తెలుస్తుంది. తవ్విన రోడ్డు మళ్లీ వేసేదాకా వెంటపడాలి. ఈ పనికి 66లో సగానికి పైగా, 34 మంది మద్దతు అక్కర్లేదు, ఒక్క మనిషి పొద్దున ఆరింటికి లేస్తే చాలు.

కండువా గురించి. గ్యారంటీ ఇవ్వలేను. బాండ్ పేపర్ మీద రాసిస్తానని చాలామంది అంటారు, ఆ బాండ్లు అమ్మేది, నింపేది నాలాంటి షాపుల దగ్గరే, వాటి విలువ నాకు తెలుసు. ఒక్కటి చెప్పగలను. పోటీకి డబ్బు ఎవరి దగ్గరా తీసుకోవడం లేదు. బీసీని కాబట్టి డిపాజిట్ 2,500. కరపత్రాలు నా మిషన్ మీదే, కాగితం ఖర్చు లెక్కలో రాస్తా. అప్పు లేకపోతే అప్పు తీర్చమని ఎవడూ కండువా పట్టుకుని రాడని నా ఆశ. ఆశే, గ్యారంటీ కాదు.

రంగశాయిపేట కోడలు:

తమ్ముడూ, నీ రాత మొత్తం చదివాను. నాలా ఉంది, అర్జీ ఉంది, కమిటీ ఉంది. ఆడవాళ్లు అర్జీ పట్టుకుని వచ్చిన పెద్దమ్మగా, పెళ్లి ఫోటో తడిసిన ఆవిడగా తప్ప ఎక్కడా లేరు. సరే, ఒకటే అడుగుతా. సగం సీట్లు మహిళలకు రిజర్వ్. మీ డివిజన్ మహిళకు వచ్చిందనుకో, అప్పుడేం చేస్తావు? మీ ఆవిడ పేరు మీద నామినేషన్ వేసి, ఆమె చేత సంతకాలు పెట్టించి, మీటింగులకు నువ్వు పోతావా? ఫ్లెక్సీలో ఆమె ఫోటో చిన్నది, నీ ఫోటో పెద్దది, కింద "కార్పొరేటర్ భర్త" అని. మా దగ్గర చూస్తూనే ఉన్నాం. మా వీధిలో ఒకామె ఐదేళ్లు పదవిలో ఉండి, ఒక్కసారి కూడా మా ఇంటి ముందు ఆగి మాట్లాడలేదు. ఆమె మంచిదే, పాపం, ఆమెను ఆగనివ్వలేదు.

ఇంకో చిన్న విషయం. సద్దుల బతుకమ్మ రోజు రాత్రి రంగలీల మైదానం నుంచి వచ్చేటప్పుడు దారిలో లైట్లు ఎన్ని వెలుగుతాయో ఎప్పుడైనా లెక్కపెట్టావా? తాంబాలం నెత్తిన పెట్టుకుని, కింద ఏముందో కనపడక నడిచేది మేము. మగవాళ్లు బండ్ల మీద ముందే పోయి ఉంటారు.

సుబేదారి కుర్రాడు:

అక్క అడిగింది నాకు తట్టలేదు. జవాబు కోసం వెయిటింగ్.

ఒకసారి ఓడినోడు:

నాకు తెలుసు జవాబు. మా మున్సిపాలిటీలో మూడు వార్డుల్లో అదే జరిగింది. నేను కూడా అదే చేసేవాణ్ని, నిజం చెప్పాలంటే. రిజర్వేషన్ రాలేదు కాబట్టి పరువు దక్కింది.

ఉర్సు జిరాక్స్:

అక్కా, రెండు రోజులు జవాబు రాయలేదు, కోపం కాదు. చదవగానే నాకు సిగ్గేసింది, ఎందుకంటే మహిళా రిజర్వేషన్ వస్తే మా ఆవిడను నిలబెడదామని మా బావమరిదితో అప్పటికే అనేశా. ఆమెను అడగలేదు. ఆమె టైలరింగ్ చేస్తుంది, మహిళా సంఘంలో పదకొండేళ్లుగా లెక్కల పుస్తకం ఆమె చేతుల్లోనే ఉంది. పైసా తేడా రాదు. ఎవరింట్లో ఎంత అప్పుంది, ఏ ఇంట్లో తాగుడు ఉంది, ఏ పిల్ల బడి మానేసింది, నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. నాకు తెలిసేది కాగితం అయ్యాక, ఆమెకు తెలిసేది కాగితం కాకముందు.

నిన్న రాత్రి మీరు రాసింది ఆమెకు చదివి వినిపించా. ఏమీ అనలేదు, మిషన్ తొక్కుతూనే ఉంది. పొద్దున చిక్కుడుకాయలు తుంచుతూ అంది: "నిలబడితే నేనే మాట్లాడతా. నువ్వు వెనక నిలబడి అందియ్యకు. ఫ్లెక్సీలో నీ ఫోటో పెద్దగా వేస్తే రాత్రికి రాత్రి నేనే చింపేస్తా." తర్వాత కాసేపాగి, "జనరల్ వస్తే మాత్రం నువ్వే నిలబడు, నాకు బ్లౌజులు ముప్పై ఆరు పెండింగ్ ఉన్నాయి" అంది.

లైట్ల సంగతి. సద్దులు ఇంకా దూరం ఉంది కానీ నిన్న రాత్రి ఎనిమిదిన్నరకు మైదానం నుంచి మా గల్లీ దాకా ఇద్దరం నడిచి చూశాం. పంతొమ్మిది స్తంభాలు. వెలిగేవి పదకొండు. రెండింటికి అసలు బల్బే లేదు, ఒకటి వెలిగి ఆరి వెలుగుతోంది. ఏ స్తంభం ఎక్కడుందో ఆమె రాసింది, నేను టార్చి పట్టుకున్నా. ఆ కాగితం రెండు కాపీలు తీశా. సోమవారం ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకుని వస్తాం. ఆమే వస్తానంది.

రంగశాయిపేట కోడలు:

ముద్ర పడ్డాక ఇక్కడ పెట్టు. మా వైపు స్తంభాలు నేను లెక్కపెడతా.