టమాటా ఎండు తెగులు: నేలకు షీటు కప్పాలా, నవధాన్యాలు చల్లాలా?

కురబలకోట టమాటా:
రెండేళ్లుగా ఇదే వరస. పూత మీదున్న మొక్క ఆకు పచ్చగా ఉండగానే వాలిపోతోంది. కాండం కోసి గాజు గ్లాసులో నీళ్లు పోసి నిలబెడితే పాలలాంటి ధార దిగింది. బాక్టీరియా ఎండు తెగులే. పీకి చూస్తే కొన్ని వేళ్లకు బుడిపెలు కూడా ఉన్నాయి, అంటే నులిపురుగులూ (వేళ్లను తినే, కంటికి కనబడనంత సన్నటి పురుగులు) చేరాయి. మందుల కొట్టులో చెప్పినవన్నీ పోశాను. డబ్బూ పోయింది, మొక్కలూ పోయాయి. మందు లేకుండా నేలను బాగుచేసినవారు ఉంటే చెప్పండి.

చేవెళ్ల పందిరి:
సోలరైజేషన్ చేయండి, అంటే షీటు కప్పి ఎండ వేడితోనే నేలలోని తెగులును చంపడం. ఇజ్రాయెల్‌లో కటాన్ బృందం 1976లో ప్రచురించిన పద్ధతి. వేసవిలో దున్ని, గడ్డలు లేకుండా మెత్తగా చేసి, బాగా తడిపి, పారదర్శకంగా ఉండే పాలిథిన్ షీటును నేలకు అంటుకునేలా పరవాలి. అంచులను చిన్న కాలువ తీసి మట్టితో పూడ్చాలి. షీటు మందం కొట్టులో మైక్రాన్లలో చెబితే తెలియకపోతే 100 గేజ్ అడగండి, అదే 25 మైక్రాన్లు. నాలుగు నుంచి ఆరు వారాలు కదపకూడదు. ఎండ బాగా కాస్తే పైమట్టి 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. తడి ఉంటేనే ఆ వేడి కిందికి దిగుతుంది. పొడి నేలకు కప్పితే షీటు ఖర్చు దండగ. మా కాకర పందిరి కింద చేశాక నులిపురుగు బాగా తగ్గింది. షీటు తీశాక మాత్రం లోతుగా దున్నకండి, అడుగున బతికినదంతా పైకి వస్తుంది.

నల్లరేగడి:
మల్చింగ్‌కు, అంటే మొక్కల చుట్టూ నేల కప్పడానికి తెచ్చిన నల్ల షీటు మిగిలి ఉంది. అది సరిపోదా? నలుపే కదా ఎండను ఎక్కువ పీల్చేది?

చేవెళ్ల పందిరి:
పీల్చేది షీటు, నేల కాదండీ. పారదర్శక షీటయితే ఎండ నేరుగా మట్టికి తగులుతుంది.

నల్లరేగడి:
మా మిద్దె మీది నీళ్ల ట్యాంకు నల్లదే. మధ్యాహ్నం ఆ నీళ్లలో చెయ్యి పెట్టలేం. మీ లెక్క నాకు అర్థం కాలేదు.

మిద్దెతోట:
కుండీల మట్టికి కూడా చేయవచ్చా?

చేవెళ్ల పందిరి:
నిక్షేపంగా. తడి మట్టిని పారదర్శక సంచిలో పలచగా నింపి ఎండలో పెట్టండి. పొలం కన్నా త్వరగా వేడెక్కుతుంది.

నవధాన్య:
నేలను ఉడకబెట్టడం కూడా ఒక వ్యవసాయమేనా? తెగులుతో పాటు వానపాములూ, మేలు చేసే సూక్ష్మజీవులూ పోవూ? మేము వానలకు ముందే, ఏప్రిల్, మే నెలల్లో నవధాన్యాలు విత్తుతాం. నేల 365 రోజులూ పచ్చగా ఉండాలి. ఘనజీవామృతం (ఆవు పేడతో చేసే పొడి ఎరువు), వేపపిండి వేసి, చుట్టూ బంతి పెడితే చాలు. ఇక ఆ ప్లాస్టిక్ సంగతి. పక్క రైతు వదిలేసిన షీటు ముక్కలు మా నాన్న పొలంలో ఇప్పటికీ గొర్రుకు చుట్టుకుంటున్నాయి.

చేవెళ్ల పందిరి:
వానపాములు వేడికి కిందికి దిగిపోతాయి. ట్రైకోడెర్మా వంటి మేలు చేసే బూజులు మళ్లీ త్వరగానే పుంజుకుంటాయి. మీ నవధాన్యాల్లో అలసంద, పెసర ఉంటాయి కదా, వేరుబుడిపె నులిపురుగుకు అవి విందు భోజనం. బంతి కూడా దాని వేళ్లు పాకినంత మేరకే పనిచేస్తుంది. గట్టు మీద రెండు వరసలు పెడితే పూజకు పూలు వస్తాయి, అంతే. పక్కవాడి ప్లాస్టిక్‌కూ ఈయన ఎండు తెగులుకూ సంబంధం ఏమిటి?

నవధాన్య:
సంబంధం ఉంది. షీటు అమ్మేవాడు తిరిగి తీసుకుపోడు. మీరు ఆ మాట ఎత్తరు.

డెల్టా వరి:
వరి కోసిన మళ్లలో కూరగాయలు వేస్తే ఈ గోల తక్కువ. నీళ్లు నిలిచిన నేలలో గాలి ఉండదు, నులిపురుగు బతకలేదు. జపాన్‌లో తవుడు కలిపి, తడిపి, షీటు కప్పి మూడు వారాలు ఉంచుతారు. సూత్రం అదే. దీనికి ఎండ మరీ మండనక్కరలేదు.

కురబలకోట టమాటా:
నీళ్లు నిలబెట్టాలా? మా బోరు డ్రిప్పుకే ఆయాసపడుతోంది. అందరూ ఏప్రిల్, మే అంటున్నారు. ఆ రెండు నెలలూ మా టమాటా పొలంలోనే ఉంటుంది. మదనపల్లె వైపు నేల దాదాపు 700 మీటర్ల ఎత్తు. కింది ఊళ్లలో ఎండకు పూత రాలేటప్పుడు మాకు కాయ నిలుస్తుంది. నాలుగు డబ్బులు కనబడేది అప్పుడే. ఆరు వారాలు షీటు కప్పి కూర్చుంటే కౌలు ఎవరు కడతారు?

చేవెళ్ల పందిరి:
కౌలు పొలమా? ముందే చెప్పవలసింది.

కురబలకోట టమాటా:
చెబితే ఏం మారేది? ఇంతకుముందు వేరే పొలంలో బండ్లకొద్దీ పశువుల ఎరువు తోలాను. నేల కాస్త బాగుపడగానే యజమాని ఎక్కువ కౌలు ఇచ్చేవారికి ఇచ్చేశారు. ఏ పద్ధతికైనా ఫలితం వచ్చే ఏడాదే కదా. వచ్చే ఏడాది అక్కడ ఎవరుంటారో ఎవరు చెప్పగలరు?

నవధాన్య:
నేల ఎవరిదైనా నేలే కదా తమ్ముడూ.

కురబలకోట టమాటా:
అది సొంత పొలం ఉన్నవారి మాట అన్నా. మీ నవధాన్యాలకూ నా పంట పీకేసి చోటివ్వాలి, ఆయన షీటుకూ ఇవ్వాలి. నన్ను వదిలేసి మీరిద్దరూ కొట్లాడుకుంటున్నారు.

చేవెళ్ల పందిరి:
సరే, షీటు మాట వదిలేస్తాను. వంగ వేరు మీద అంటుకట్టిన టమాటా నారు దొరుకుతుంది. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం ఇందుకు ఈ.జి.203 అనే వంగ రకాన్ని సిఫారసు చేసింది. దాని వేరు ఎండు తెగులును బాగా తట్టుకుంటుంది. మీ కాలం మారదు, ఫలితం ఈ పంటకే. ధర మాత్రం మామూలు నారుకు ఎన్నో రెట్లు. వాలిన మొక్కలను మట్టితో సహా తీసి కాల్చండి, కాలువలో పడేయకండి. తెగులు నీటి వెంటే పోతుంది.

నవధాన్య:
వేపపిండికి ఏ యజమాని అనుమతీ అక్కరలేదు. అది కూడా వేయండి.

కురబలకోట టమాటా:
వేపపిండి వేస్తున్నాను. అంటు నారు పొలమంతా వేసే శక్తి లేదు, ఎక్కువ మొక్కలు పోయిన పల్లం వైపు సాళ్లకు వేస్తాను. అంటు కింద వంగ చిగుళ్లు వస్తే తుంచాలా?

చేవెళ్ల పందిరి:
కనబడినప్పుడల్లా తుంచాలి. అంటు కట్టిన చోటు మట్టికి తగలకుండా పైకి నాటండి, మట్టి ఎగదోసేటప్పుడు కూడా అది పూడకూడదు. పూడితే టమాటా కాండం నుంచే వేళ్లు దిగుతాయి, తెగులు మళ్లీ అంటుకుంటుంది.