అప్‌డేట్: తమ్ముడికి మెలకువలోనే బ్రెయిన్ ఆపరేషన్ అయింది

మా తమ్ముడికి మెదడు ఎడమవైపు, మాటకు సంబంధించిన చోటును ఆనుకుని గ్లయోమా (మెదడులో పెరిగే ఒక రకం గడ్డ) ఉందని, మెలకువగా ఉంచి తీస్తామంటున్నారని, ఒప్పుకోవాలా అని అప్పట్లో అడిగాను. ఒప్పుకున్నాం. ఆపరేషన్ అయింది, మాట్లాడుతున్నాడు.

అమ్మ టెన్షనంతా నొప్పి గురించే. మెదడుకు నొప్పి తెలియదు, తెలిసేది తల చర్మానికి, మెదడును కప్పి ఉండే పొరకు. అందుకే తల చుట్టూ మత్తు ఇంజెక్షన్లు ఇచ్చారు. పుర్రె తెరిచేదాకా నిద్రపుచ్చి, ఆ తర్వాత లేపారు.

వాడికి బాగా గుర్తున్నది బొమ్మల పరీక్ష. "ఇది గొడుగు", "ఇది తాళంచెవి" అని చెబుతుంటే, డాక్టరుగారు మెదడు మీద అక్కడక్కడా కాస్త కరెంటు తాకిస్తారు. ఒకచోట తాకగానే "ఇది..." దగ్గరే ఆగిపోయాడట. ఎదురుగా దువ్వెన, పేరూ తెలుసు, నోట మాట రాలేదు. కరెంటు తీయగానే వచ్చేసింది. అక్కడ చిన్న నంబరు చీటీ పెట్టి, ఆ చోటు జోలికి వెళ్లలేదు. కుడిచేతి గుప్పిట మూస్తూ తెరుస్తూ ఉండమన్నారు కూడా.

తర్వాత కొన్నాళ్లు మాట తడబడింది, చెయ్యి బరువెక్కింది. వాపు వల్ల అలా అవుతుందని ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాం. స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ నడుస్తున్నాయి. మాట పోకూడదని గడ్డ కొంత వదిలేశారు, దాన్ని ఎంఆర్ఐలతో గమనిస్తారు.

ఈ ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు పరీక్ష తెలుగులో కూడా చేయమని తప్పకుండా అడగండి. రెండు భాషల చోట్లు పూర్తిగా ఒకటే కాకపోవచ్చు. మావాడికి తెలుగు, ఇంగ్లీషు రెండూ చూశారు.