ప్రోస్టేట్ మందు వేసుకుంటున్నప్పటి నుంచి తల తిరగడం, మరికొన్ని ఇబ్బందులు

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ

నమస్కారం. నా వయస్సు 66 సంవత్సరాలు. రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేవవలసి రావడం, లేచినా ధార సన్నగా, ఆగి ఆగి రావడంతో హైదరాబాదులో మూత్రకోశ వైద్యునికి చూపించుకున్నాను. ప్రోస్టేట్ గ్రంథి బాగా పెరిగిందని, పీఎస్‌ఏ (ప్రోస్టేట్ స్థితి తెలిపే రక్తపరీక్ష) 3.2 ఉన్నా క్యాన్సర్ అనుమానమేమీ లేదని చెప్పి, టామ్సులోసిన్ 0.4, డ్యుటాస్టెరైడ్ 0.5 మిల్లీగ్రాములు కలిసిన క్యాప్సూల్‌ను రాత్రి భోజనం తరువాత వేసుకొమ్మన్నారు. ఆరు నెలలు దాటింది. మందు పనిచేయలేదని అనను. రాత్రి ఒకటి రెండు సార్లే లేస్తున్నాను, హైదరాబాదు బస్సెక్కితే దారిలోని మాల్ ఊరు రాకముందే దిగాలన్న ఆదుర్దా పోయింది. మొన్న చేయించిన పరీక్షలో పీఎస్‌ఏ కూడా 1.7కు దిగిందని సంతోషించాను.

అయితే మంచం మీద నుంచి లేవగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. కుడి కంటికి శుక్లం ముదిరింది కనుక దానివల్లేనేమో అనుకున్నాను గాని, పోయిన నెల ఒక శనివారం రాత్రి పెరట్లోకి వెళ్తూ గోడ పట్టుకుని కూలబడిపోయాను. శనివారం నాకు ఒక్కపొద్దు. మధ్యాహ్నం తిన్న తరువాత మళ్లీ ఏమీ ముట్టను. పురిటికి తీసుకొచ్చిన మా అమ్మాయి మాత్రం మరవకుండా ఆ రాత్రి కూడా క్యాప్సూల్ తీసి చేతికిస్తుంది. ఉదయం బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటాను.

ఇంకొక సంగతి రాయడానికి సంకోచంగా ఉంది. కోరిక సన్నగిల్లింది, వీర్యం రావడం దాదాపు నిలిచిపోయింది, ఎడమ రొమ్ము ముట్టుకుంటే నొప్పిగా ఉంటోంది. వైద్యుని గదిలో మా అబ్బాయి పక్కనే కూర్చుని ఉండడంతో నోరు పెగలలేదు. ఇవన్నీ మందు వల్లనేనా? మానేయవచ్చా?

జవాబు: రైతు, మర్రిగూడ

సారూ, మానేయడం గురించి మాత్రం నా అనుభవం చెబుతాను. మా వైపు ఒంటికి ఏమొచ్చినా ఫ్లోరైడు నీళ్ల మీదికి నెట్టడం అలవాటు కనుక, నా తల తిరగడాన్ని కూడా మొదట దాని ఖాతాలోనే వేశాను. తరువాత నేను వాడే ప్రోస్టేట్ మందు వల్లనని ఎవరో చెబితే నేనే మానేసి పల్లేరుకాయల కషాయం మొదలుపెట్టాను. వారం బాగానే గడిచింది. ఆ పైన జలుబు చేసి, దుకాణంలో అడిగి జలుబు గోలీలు రెండు రోజులు వేసుకున్నాను. మూడో రోజు రాత్రి మూత్రం పూర్తిగా బిగబట్టుకుపోయింది. పొత్తికడుపు రాయిలా గట్టిపడి, తెల్లవారుజామున ఆసుపత్రిలో గొట్టం వేస్తేగాని ప్రాణం కుదుటపడలేదు. ప్రోస్టేట్ ఉన్నవాళ్లు జలుబు గోలీలు అడగకుండా వేసుకోకూడదని అక్కడే తెలిసింది. మిగతా సంగతులు తెలిసినవారు చెప్పాలి.

జవాబు: ఫార్మసిస్టు, జడ్చర్ల

సారు గారికి నమస్కారం. మీరు రాసిన వాటిని ఒకే మందు మీద వేయకుండా విడదీసి చూడవలసి ఉంటుంది, ఎందుకంటే ఒకే క్యాప్సూల్‌లో రెండు వేర్వేరు పనులు చేసే మందులున్నాయి.

టామ్సులోసిన్ ప్రోస్టేట్‌లోను, మూత్రాశయం మెడ దగ్గర ఉన్న కండరాలలోను బిగువును సడలిస్తుంది. అందుకే ధార కొద్ది రోజుల్లోనే మెరుగవుతుంది. రక్తనాళాల మీద కూడా కొంత ప్రభావం ఉండడం వల్ల, పడుకున్నవారు ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. దీనిని రోజూ ఒకే పూట, భోజనమైన అరగంటకు వేసుకోవాలన్న నియమం ఊరికే పెట్టినది కాదు. ఖాళీ కడుపుతో వేసుకుంటే మందు రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. మీ శనివారం సంగతి చదవగానే నాకు తోచింది ఇదే. పైగా ఆమ్లోడిపిన్ కూడా బీపీని తగ్గించేదే. ఎండాకాలంలో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇది మరింత తెలుస్తుంది. వీర్యం రాకపోవడం కూడా ఎక్కువగా టామ్సులోసిన్ పనే: మూత్రాశయం మెడ సడలి ఉండడం వల్ల అది వెనక్కి మళ్లి, తరువాత మూత్రంతో పోవచ్చు. దానివల్ల ఒంటికి హాని లేదు.

కోరిక తగ్గడం, రొమ్ము నొప్పి మాత్రం డ్యుటాస్టెరైడ్ వైపు చూపిస్తున్నాయి. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను మరింత శక్తిగల హార్మోనుగా మారకుండా అది అడ్డుకుంటుంది కనుక గ్రంథి నెలల తరబడి మెల్లగా కుదించుకుపోతుంది. ఒంట్లో నుంచి పోవడం కూడా అంతే నిదానం. ఈ రోజు మానేసినా రేపటికి తేడా కనిపించదు. ఇది వాడుతున్నవారు, మానేసిన ఆరు నెలల వరకు కూడా, రక్తదానం చేయకూడదు. రొమ్ములో గడ్డ చేతికి తగిలినా, చనుమొన నుంచి ఏదైనా కారినా ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

పీఎస్‌ఏ విషయంలో మిమ్మల్ని నిరుత్సాహపరచక తప్పదు. డ్యుటాస్టెరైడ్ ఆరు నెలలు వాడేసరికి ఆ సంఖ్యను దాదాపు సగానికి తగ్గిస్తుంది కాబట్టి, మీ 1.7ను రెట్టింపు చేసి 3.4గా చదువుకోవాలి. అంటే ఇంచుమించు మొదట ఉన్నచోటే ఉంది. కంగారు పడవలసినదేమీ లేదు గాని, తగ్గిందని సంబరపడవలసినదీ కాదు. ఇక ముందు ఈ సంఖ్య ఏ మాత్రం పెరుగుతూ కనిపించినా డాక్టరుకు చెప్పండి.

అన్నిటికన్నా ముందు ఈ రోజే చేయవలసినది ఒకటుంది. కడుపుతో ఉన్నవారు డ్యుటాస్టెరైడ్ క్యాప్సూళ్లను, అందులోనూ పగిలినవాటిని, కారుతున్నవాటిని, ముట్టుకోకూడదు. మందు చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది, కడుపులో ఉన్నది మగశిశువైతే ఎదుగుదలకు ప్రమాదం. మీ మందు మీరే తీసుకోండి.

మానేయాలా, వేరే మందుకు మారాలా అన్నది మీ వైద్యుడే నిర్ణయించాలి. కొన్ని రోజులు ఆపి మళ్లీ మొదలుపెడితే మొదట్లో బీపీ పడిపోయే ప్రమాదం మళ్లీ తలెత్తుతుందని కూడా గుర్తుంచుకోండి.

జవాబు: విద్యుత్ శాఖ విశ్రాంత ఉద్యోగి, నాగర్‌కర్నూల్

కంటి శుక్లం మాట చదివి రాస్తున్నాను. నా ఆపరేషనుకు ముందు కంటి డాక్టరు మందుల జాబితా అడిగితే బీపీ, షుగరు గోలీలు చెప్పి ఊరుకున్నాను. మూత్రం మందుకు, కంటికి ఏమి సంబంధమని! టామ్సులోసిన్ వాడేవారికి ఆపరేషను మధ్యలో కనుపాప తెర మెత్తబడి జారుతుందని, తెరిచిన పాప కుంచించుకుపోతుందని ఆయనే తరువాత చెప్పారు. ముందుగా తెలిసి ఉంటే పాపను పట్టి ఉంచే చిన్న కొక్కేలు సిద్ధం చేసుకునేవారట. నాకు చూపు దక్కింది గాని, అరగంటలో ముగియవలసిన పని చాలాసేపు సాగింది. ఎప్పుడో మానేశాం కదా అని దాచకూడదు, ఆపినా ఆ ప్రభావం మిగలవచ్చునట.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈసారి అబ్బాయిని బయట కూర్చోబెట్టి, అన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. డాక్టరు గారు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. తేడా బాగానే ఉంది. రొమ్మును పరీక్షించి గడ్డ లేదన్నారు. రెండు మందులను విడివిడిగా రాసి, టామ్సులోసిన్ స్థానంలో అదే తరహా మందు అల్ఫుజోసిన్ ఇచ్చి చూద్దామన్నారు, ఆమ్లోడిపిన్ మోతాదును సగం చేశారు. గ్రంథి పెద్దది కనుక డ్యుటాస్టెరైడ్ ఇంకొన్నాళ్లు వాడక తప్పదట. కోరిక సంగతి మూడు నెలల తరువాత మళ్లీ మాట్లాడుకుందామన్నారు. శనివారం రాత్రి రెండు జొన్న రొట్టెలు తింటున్నాను, ఇంటామెకు అది నచ్చలేదు. క్యాప్సూళ్ల డబ్బా నా బీరువాలోకి మారింది. కంటి డాక్టరుకు చూపించవలసిన చీటీ మీద, ఆరు నెలలు టామ్సులోసిన్ వాడినట్టు ఎర్ర సిరాతో మొదటి వరుసలోనే రాసి పెట్టుకున్నాను.