పాత సిజేరియన్ కుట్టు లాగుతుంటే నూనె మర్దన సరిపోతుందా, డాక్టర్‌కి చూపించాల్సిందేనా?

గోదారిగట్టు:
నాకు రెండూ సిజేరియన్లే, చిన్నోడు పుట్టి ఏడేళ్ళయింది. అడ్డకోత. కుట్టు కుడివైపు చివర ఇప్పటికీ లాగుతుంది, ఒక్కోసారి సూది పెట్టి పొడిచినట్టు ఉంటుంది, ఆ పక్కనే నాలుగు వేళ్ళ మేర చర్మం మొద్దుబారిపోయింది. బాలింతగా ఉన్నప్పుడు నడికట్టు సరిగ్గా కట్టుకోలేదు అందుకే అని మా అత్తగారు అంటారు, నువ్వుల నూనె వెచ్చబెట్టి మర్దన చేసి కాపడం పెట్టుకోమని రోజూ చెప్తారు. మా ఆడపడుచేమో పాత కుట్టుని కెలక్కూడదు లోపల విచ్చుకుంటుంది అని భయపెడుతుంది. ఆపరేషన్ చేసిన చోట అడిగితే అందరికీ ఉండేదేనమ్మా అని క్రీమ్ రాసిచ్చి పంపేశారు. మీరెవరైనా ఏం చేశారో చెప్పండి ప్లీజ్, నాకు ఏ మాట వినాలో తెలీట్లేదు.

ఖమ్మం అమ్మ:
అక్కా నేనైతే మసాజే అంటా. నాది పదకొండేండ్ల కింది ఆపరేషన్, కింద కూసోని లేవాలంటే కుట్టు గుంజుతుండె, బోర్ల పడుకుంటే ఇంకా. మా దగ్గర ఒక ఫిజియో మేడం నేర్పిచ్చింది, పైపైన రుద్దుడు కాదు, రెండు వేళ్ళు కుట్టు మీద గట్టిగ ఆనిచ్చి చర్మాన్నే కింది పొర మీద జరపాలె, పైకి కిందికి, అటిటు, గుండ్రంగ. పొద్దున ఐదు నిమిషాలు, పండుకునే ముందు ఐదు నిమిషాలు. నూనె ఏదైనా నడుస్తది, వేళ్ళు జారనీకే అంతే, నేను కొబ్బరి నూనెనే వాడిన. మూడు నెల్లకు గుంజుడు సగానికి సగం తగ్గింది. ఏడేండ్ల కుట్టు విచ్చుకునుడు ఏంది అక్కా, అట్ల ఏం కాదు, నువ్వు భయపడకు.

పీజీ స్కిన్:
నేను చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. పాత కుట్టు మసాజ్‌తో విచ్చుకోదు అన్నది కరెక్టే, మచ్చ పూర్తిగా ముదరడానికి ఏడాది నుంచి రెండేళ్ళు పడుతుంది, ఆ తర్వాత కూడా దాని బలం మామూలు చర్మంలో 80 శాతం దాకానే వస్తుంది కానీ మర్దనకి తెగిపోయేంత బలహీనంగా మాత్రం ఉండదు. అయితే మసాజ్ మీద జరిగిన స్టడీలు చిన్నవి, ఒక్కోరు ఒక్కోలా చేశారు, కాబట్టి గ్యారంటీగా తగ్గుతుంది అని నేను చెప్పను. విటమిన్ ఈ క్యాప్సూల్ పగలగొట్టి రాసుకోమని చాలామంది సలహా ఇస్తారు, దయచేసి వద్దు, 1999లో వచ్చిన ఒక స్టడీలో 90 శాతం కేసుల్లో లాభం లేదు లేదా మచ్చ ఇంకా అసహ్యంగా అయింది, మూడో వంతు మందికి దద్దుర్లు వచ్చాయి. సిలికాన్ జెల్, సిలికాన్ షీట్ ఉబ్బెత్తుగా ఉన్న మచ్చలకి, అదీ రోజుకి 12 గంటలు పైన, నెలల తరబడి పెట్టుకుంటేనే. మచ్చ కోత గీత దాటి పక్కకి పాకుతుంటే అది కీలాయిడ్, దానికి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్ మచ్చలోకే ఇస్తాం, ఊరికే కోసేస్తే మళ్ళీ పెరుగుతుంది. మీ మచ్చ చదునుగా ఉంటే ఇవేవీ మీకు కాదు.
ఇంకోటి, ఆ కాపడం. మొద్దుబారిన చర్మానికి వేడి తెలీదు, వేడినీళ్ళ సంచి పెట్టి బొబ్బలెక్కి వచ్చినవాళ్ళని చూశాను. కాపడం మాత్రం మానేయండి.

డాలస్ తెలుగమ్మాయి:
మసాజ్ చెయ్యి తగ్గిపోతుంది అనే మాట వింటే నాకు బాధేస్తుంది అందుకే రాస్తున్నా. నాకూ అమ్మ ఫోన్లో అదే చెప్పింది, మూడేళ్ళు ఆముదం రాశాను. కుట్టు పక్కన బఠాణీ అంత గడ్డ తగిలేది, పీరియడ్స్ వచ్చే రెండు రోజుల ముందు అది బరువెక్కి నొప్పి, అయిపోగానే తగ్గిపోయేది, నేను తేదీలు కలిపి చూసుకోలేదు. ఇక్కడ డాక్టర్ మొదటి ప్రశ్నే అది అడిగింది. స్కాన్ చేస్తే ఎండోమెట్రియోసిస్, అంటే ఆపరేషన్ టైంలో గర్భసంచి లోపలి పొర కణాలు కుట్టులో చిక్కుకుని అక్కడే పెరుగుతాయట. దానికి మర్దన ఏం చేస్తుంది? ఆ గడ్డని చుట్టూ మంచి భాగంతో సహా తీసేశారు, తగ్గింది. పోయిన మూడేళ్ళు ఎవరిస్తారు నాకు.

ఖమ్మం అమ్మ:
చెల్లీ నీకు గట్ల అయినందుకు మస్తు బాధైంది. కాని అందరికీ గడ్డలుండవు కదా, నాకు తగ్గింది నిజం, తగ్గిన సంగతి చెప్పొద్దంటే ఎట్ల? డాక్టర్ కాడికి పోతే ఏం చెప్పిన్రు అక్కకు, అందరికీ ఉండేదే అనే కదా. నాకూ అదే అన్నరు ముగ్గురు. చెయ్యి పెట్టి చూసినోళ్ళు ఒక్కరు లేరు. మసాజ్ పైసలు అడగది.

విశాఖ ఫిజియో:
ఇద్దరూ మీకు జరిగిందే చెప్తున్నారు, రెండూ నిజమే, కానీ గోదారిగట్టు గారి నొప్పి ఆ రెండిట్లో ఏదీ కాదేమో. ఆవిడ రాసింది మళ్ళీ చూడండి, కుట్టు చివర, సూదితో పొడిచినట్టు, పక్కన మొద్దు. ఈ అడ్డకోతని ఫానెన్‌స్టీల్ అనే జర్మన్ డాక్టర్ 1900లో రాశాడు, మచ్చ కనపడదు, త్వరగా మానుతుంది, అందుకే ఇప్పుడు దాదాపు అందరికీ అదే, కాకపోతే కోత రెండు చివర్లకి దగ్గరగా తొడ మొదలు, పొత్తికడుపు చర్మానికి స్పర్శ ఇచ్చే నరాలు వెళ్తాయి. కుట్టులోనో, మానే కండలోనో ఒక నరం ఇరుక్కుంటే సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఇంట్లో ఒకటి చేసి చూడండి, వెల్లకిలా పడుకుని నొప్పి ఉన్న చోట ఒక వేలితో నొక్కి పట్టుకుని తల, భుజాలు పైకి లేపండి. పొట్ట బిగిసినప్పుడు నొప్పి పెరిగితే అది కడుపు లోపలిది కాదు, పొట్ట గోడది, అంటే పైనున్న కండ, నరాలదే అయ్యే ఛాన్స్ ఎక్కువ. అలాంటప్పుడు ఆ చోటే మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, వెంటనే తగ్గితే రోగం ఏంటో తెలిసినట్టే, కొంతమందికి అదే వైద్యం కూడా అవుతుంది. పెయిన్ క్లినిక్ ఉన్న చోట అడగండి.
నిలబడి దగ్గినప్పుడు కుట్టు దగ్గర ఉబ్బు వస్తే మాత్రం అది హెర్నియా, అంటే కండ బలహీనమైన చోట లోపలి పేగో కొవ్వో బయటికి తోసుకురావడం కావచ్చు, అస్సలు మర్దన చెయ్యొద్దు, సర్జన్‌కి చూపించాలి. ఆ ఉబ్బు గట్టిపడి లోపలికి పోకుండా, నొప్పి, వాంతులు మొదలైతే అదే రాత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

నెల్లూరు చీరకట్టు:
నాది చిన్న విషయమే, ఎవరూ చెప్పలేదని రాస్తున్నా. నాకు నిలువు కోత, లంగా బొందు ముడి సరిగ్గా కుట్టు మీద పడేది, ఎండాకాలం చెమటకి దురద, మంట, గోకి గోకి పుండు చేసుకున్నా. బొందు తీసేసి వెడల్పు నడుము పట్టీ ఉన్న లంగాలు కుట్టించుకున్నా, దురద చాలావరకు పోయింది. మందు ఏమీ వాడలేదు.

పీజీ స్కిన్:
చీరకట్టు గారు చెప్పింది చాలా ముఖ్యం, మేము ఓపీలో అడగడం మర్చిపోయే ప్రశ్న అది.
ఖమ్మం అమ్మ గారి కోపం కూడా న్యాయమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో నూటికి 60 పైన, ఆంధ్రలో 42 కాన్పులు సిజేరియన్లే. ఇంతమందికి కోత పెట్టి, తర్వాత వచ్చే నొప్పిని చెయ్యి పెట్టి కూడా చూడకపోవడం మా వైపు తప్పు. కానీ దానికి జవాబు ఇంట్లో నూనె రాసుకుని ఊరుకోవడం కాదండి, ఇంకో డాక్టర్‌ని అడగడం. లాగుడు మాత్రమే ఉండి, గడ్డ, ఉబ్బు, నెలనెలా నొప్పి ఏవీ లేకపోతే మూడు నెలలు మసాజ్ చేసి చూడండి, నేనే చెప్తా.

గోదారిగట్టు:
అందరికీ థాంక్సండి. రాత్రి పిల్లలు పడుకున్నాక ఫిజియో గారు చెప్పినట్టు చేసి చూశాను, తల లేపగానే ప్రాణం పోయినట్టయింది, అదే చోట. గడ్డ లేదు, దగ్గితే ఉబ్బు లేదు. పీరియడ్స్ తేదీలు కూడా ఈ నెల నుంచి క్యాలెండర్లో రాస్తున్నా, డాలస్ చెల్లి కోసం. కాపడం మానేశాను అంటే అత్తగారు చిన్నబుచ్చుకున్నారు, బొబ్బల సంగతి చదివి వినిపిస్తే సరే అన్నారు, మర్దన మాత్రం ఆవిడే చేస్తానన్నారు. ఖమ్మం అక్కా, మీరు చెప్పినట్టు చర్మాన్ని జరపడం ఆవిడకి చూపించా, నొప్పి ఉన్న చివర వదిలేసి మిగతా కుట్టంతా. రాజమండ్రిలో ఒక పెయిన్ డాక్టర్ దగ్గర గురువారం అపాయింట్‌మెంట్ దొరికింది, ఈసారి చెయ్యి పెట్టి చూడకుండా లేచేది లేదు.