రెడ్‌మీ నోట్ 4కి బదులు ఏ ఫోను తీసుకోవాలి? రేడియో, రిమోటు రెండూ కావాలి

ప్రశ్న (విజయవాడ నుంచి)

నమస్కారం అండీ. వన్‌టౌన్‌లో నాకు చిన్న బైండింగ్ షాపు ఉంది. 2017 నుంచి రెడ్‌మీ నోట్ 4 వాడుతున్నాను. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మధ్యలో బ్యాటరీ మార్పించాను, రాత్రి షాపు కట్టేదాకా ఛార్జింగ్ నిలుస్తోంది. చిక్కల్లా మా బ్యాంకు యాప్‌తోనే. ఆండ్రాయిడ్ పాతదైంది, ఇక తెరుచుకోనని మొండికేసింది. అప్‌డేట్ చేద్దామంటే ఈ ఫోను ఆండ్రాయిడ్ 7 దగ్గరే ఆగిపోయింది.

ఇయర్‌ఫోను గుచ్చితే నెట్ ఖర్చు లేకుండా ఆకాశవాణి రెయిన్‌బో ఎఫ్ఎం 102.2 రావాలి. షాపులో టీవీకీ ఇంట్లో ఏసీకీ నా ఫోనే రిమోటు. ఇంకొకటి, పనిలో ఉన్నప్పుడు వేళ్లకు మైదా జిగురు అంటుకుని ఉంటుంది. వెనకవైపు ఉన్న వేలిముద్ర సెన్సర్‌ను చొక్కాకు తుడిచి వాడుకుంటున్నాను, స్క్రీన్ లోపల ఉండేవి ఎలా పనిచేస్తాయో? 15 వేలు అనుకుంటున్నాను, మహా అయితే 17. మా అబ్బాయి 108 మెగాపిక్సెల్, 16 జీబీ ర్యామ్ అంటున్నాడు.

జవాబు (గుంటూరు, మొబైల్ రిపేరు)

మంచి ఫోను అండీ అది. స్నాప్‌డ్రాగన్ 625 ప్రాసెసర్, 4100 ఎంఏహెచ్ బ్యాటరీ. వేడెక్కదు, ఛార్జింగ్ తాగదు. ఇప్పటికీ నా బల్ల మీదికి బ్యాటరీ మార్పిడికి వస్తూనే ఉంటాయి.

అబ్బాయి చెప్పిన 16 జీబీ చాలా ఫోన్లలో 8 కలపడం 8. రెండో 8 అసలు ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి అప్పు తెచ్చుకున్నది. అసలైనది 6 జీబీ ఉంటే మీ పనికి చాలు. స్టోరేజీ మాత్రం 128కి తగ్గకండి, వాట్సాప్ ఒక్కటే సగం మింగేస్తుంది. మెగాపిక్సెళ్ల సంగతి సరేసరి. 108 అని డబ్బా మీద వేసినా మామూలుగా తీసే ఫొటో అందులో తొమ్మిదో వంతు, 12 మెగాపిక్సెళ్లే. పక్కన ఉండే 2 మెగాపిక్సెల్ కెమెరాలు లెక్క పెంచడానికే. షాపు వెలుతురులో చెయ్యి కదిలినా ఫొటో చెదరకూడదంటే ఓఐఎస్ ఉందా అని అడగండి, ఈ ధరలో దొరికితే అదృష్టం.

వేలిముద్రకు పక్క బటన్‌లో సెన్సర్ ఉన్నది తీసుకోండి. మీ ధరలో ఎక్కువగా అవే వస్తాయి. జిగురు అంటని వేలు ఒకటి ఎడమ చేతిది కూడా నమోదు చేసుకోండి.

జవాబు (హైదరాబాద్)

పై మాటలన్నీ సరే కానీ, మీ ఫోను ఎందుకు మూలపడుతోందో చూడండి. కెమెరా పాడై కాదు, ర్యామ్ చాలక కాదు. అప్‌డేట్లు ఆగిపోయినందుకు. కాబట్టి కొత్తదాన్ని కూడా అదే ప్రశ్నతో కొలవాలి: ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయి? ఈ లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ విడుదలైన రోజు నుంచి. శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్లు ఇస్తామన్నారు, అది 2024లో వచ్చింది. అంటే 2030 దాకా. రెండేళ్లు ఆగి తక్కువకు దొరికిందని కొంటే మీకు మిగిలేది నాలుగేళ్లే. తగ్గింపు ధరల్లో పెట్టే మోడళ్లు చాలావరకు ఇలా సగం వయసు అయిపోయినవే.

ఇక రిమోటు. ఆ సదుపాయం షావోమీ వారి రెడ్‌మీ, పోకో ఫోన్లలో ఎక్కువగా కనిపిస్తుంది. శాంసంగ్‌లో వెతికి లాభం లేదు. రిమోటు కోసం అప్‌డేట్లు తక్కువున్న ఫోను కొనడం నాకైతే నచ్చదు. పాత ఫోను అమ్మితే ఏమంత వస్తుంది? సిమ్, బ్యాంకు యాప్‌లు తీసేసి షాపులోనే పెట్టండి. టీవీకి రిమోటూ అదే, రేడియో కూడా అదే.

ప్రశ్న అడిగినవారు

బాగుంది అండీ, ఏసీకి రిమోటు కొనుక్కుంటాను. కానీ రేడియో నేను ఎక్కువగా వినేది షాపులో కాదు, ఇంటికి వెళ్లే సిటీ బస్సులో. జేబులో రెండు ఫోన్లు మోయలేను.

జవాబు (హైదరాబాద్)

అయితే మీ ఇయర్‌ఫోను వెంట తీసుకుని దుకాణానికి వెళ్లండి. ఎఫ్ఎంకు ఆ వైరే యాంటెన్నా, బ్లూటూత్‌తో కుదరదు. గుండ్రటి 3.5 ఎంఎం రంధ్రం ఉందా చూసి, ప్రదర్శనకు పెట్టిన ఫోనులో గుచ్చి, రేడియో యాప్ తెరిచి 102.2 పెట్టమనండి. రంధ్రం ఉన్నంత మాత్రాన ఎఫ్ఎం ఉన్నట్టు కాదు. ఫోన్లలో ఎఫ్ఎం ఉంచమని కేంద్రం 2023లో సూచన చేసింది, అది సూచనే. ఆకాశవాణి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఛానళ్లన్నీ వస్తాయి కానీ దానికి నెట్ కావాలి.

జవాబు (గుంటూరు, మొబైల్ రిపేరు)

కొనే ఫోను 5జీ బ్యాండ్ల (అందుకోగల సిగ్నళ్ల) జాబితాలో ఎన్28, ఎన్78 రెండూ ఉండాలి. జియోకి ఎన్28 ముఖ్యం, గోడల లోపలికి బాగా చొచ్చుకొస్తుంది.

వేరొకరి ప్రశ్న (వరంగల్)

ఇదే డబ్బుకు సెకండ్‌హ్యాండ్‌లో ఖరీదైన ఫోను వస్తుంది కదా, అది మేలు కాదా?

జవాబు (గుంటూరు, మొబైల్ రిపేరు)

వస్తుంది. ముందు అప్‌డేట్లు ఎన్నేళ్లు మిగిలాయో లెక్క వేసుకోండి. తర్వాత *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ ఉండే గుర్తింపు సంఖ్య) చూసి, ఇంగ్లీషులో KYM అని కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కి ఎస్సెమ్మెస్ పంపండి. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడుకలో ఉందనో వస్తే ముట్టుకోవద్దు. బిల్లు లేని ఫోను నేనైతే రిపేరుకు కూడా జంకుతాను.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. పాతదానిలోంచి కొత్తదానికి మారేటప్పుడు ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

జవాబు (హైదరాబాద్)

వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్‌లోకి వెళితే చాట్‌ల బదిలీ ఉంటుంది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే గూగుల్ డ్రైవ్‌తో పని లేకుండా వచ్చేస్తాయి. సిమ్‌లో దాచిన నంబర్లను ముందే గూగుల్ ఖాతాలోకి ఎక్కించండి. యూపీఐ కొత్త ఫోనులో మొదలుపెట్టిన తొలి 24 గంటలు చాలా బ్యాంకులు 5,000 రూపాయలకు మించి పంపనివ్వవు. మీకు డబ్బు రావడానికి అడ్డు లేదు. కాగితం వ్యాపారికి పెద్ద మొత్తం కట్టేది ఉంటే సిమ్ మార్చకముందే కట్టేయండి.