ఒకే లైన్‌లో మూడు రకాల స్టార్టర్లు: ఏ వరుసలో దించాలి?

అనంతపురం_లైన్:
బోరు మోటార్ల స్టార్టర్ల లైన్. తిండి, టీ పోగా షిఫ్టుకు 420 నిమిషాలు. రోజుకు సింగిల్ ఫేజ్ ప్యానెళ్లు 105, డీఓఎల్ (మోటారుకు నేరుగా పూర్తి వోల్టేజీ ఇచ్చేవి) 70, స్టార్ డెల్టా (మొదట తక్కువ వోల్టేజీతో తిప్పి తర్వాత పూర్తిగా ఇచ్చేవి) 35. వైరింగ్‌లో ఒక్కోదానికి వరుసగా 100, 115, 170 సెకన్లు. పొద్దున సింగిల్ ఫేజ్ అంతా, తర్వాత డీఓఎల్, చివర స్టార్ డెల్టా. సాయంత్రానికి పది పదిహేను మిగిలిపోతున్నాయి. వైరింగ్‌కు ఇంకో మనిషిని పెట్టల్లనా?

కడప_ప్యానెల్:
మనిషి వద్దులే అన్నా, వరుస మార్చు. 25,200 సెకన్లను 210తో భాగిస్తే పీసుకు 120. మూడింటి సగటు 117 లోపే, కాబట్టి షిఫ్టులో పని పూర్తవుతుంది. కానీ స్టార్ డెల్టా ఆ 120 మీద పీసుకు 50 సెకన్లు ఎక్కువ తింటుంది. 35 వెంటవెంట దించితే 1,750 సెకన్లు, అంటే 14 పీసుల లోటు. పొద్దున సింగిల్ ఫేజ్ మీద మిగిలిన 20 సెకన్లు సాయంత్రానికి దాచుకునేవి కావు కదా!

నిష్పత్తి 3:2:1. ఆరు పీసుల చుట్టు పెట్టు: సింగిల్, డీఓఎల్, సింగిల్, స్టార్ డెల్టా, సింగిల్, డీఓఎల్. రోజుకు 35 చుట్లు. స్టార్ డెల్టా దగ్గర పడిన 50 సెకన్ల బాకీ తర్వాతి నాలుగు పీసుల్లో (20+5+20+5) తీరిపోతుంది. అంతవరకు ముందు స్టేషన్ ఆగకుండా ఒక పీసు పట్టే జాగా, తర్వాతి స్టేషన్ ఖాళీ పడకుండా ఒక పీసు నిల్వ ఉంచు.

కర్నూలు_టెస్టింగ్:
మరి టెస్ట్ బెంచ్? సప్లై 230 నుంచి 415 వోల్టులకు, లీడ్లు మూడు నుంచి ఆరుకు. ఈ వరుసలో పీసుపీసుకూ మార్పే.

అనంతపురం_లైన్:
టెస్టుకు ఒక నిమిషం, మార్పుకు నాలుగు.

కర్నూలు_టెస్టింగ్:
210 మార్పులు అయ్యే పని కాదు. ఐదు చుట్లు, అంటే 30 పీసులు, ట్రాలీలో ఆపి రకంవారీగా టెస్ట్ చేయండి: రోజుకు 21 మార్పులు, 84 నిమిషాలు. టెస్టుకు పోయే 210తో కలిపినా ఇబ్బంది లేదు. చిక్కల్లా ఏమిటంటే, 30 పీసులంటే గంట పని. స్టార్ నుంచి డెల్టాకు మార్చే టైమర్ వైరు తప్పు పడితే గంటకు గానీ తెలీదు, ఆ లోపు ఐదు స్టార్ డెల్టాలు అదే తప్పుతో వచ్చేస్తాయి. కాబట్టి ఇది కొన్నాళ్లకే. బెంచ్‌కు మూడు విడి ప్లగ్ సెట్లు, సెలెక్టర్ స్విచ్ పెట్టించండి. ఇంటర్‌లాక్ (రెండు సప్లైలు కలవకుండా, తప్పు సప్లై పడకుండా ఆపే ఏర్పాటు) తప్పనిసరి, లేకుంటే 230 కాయిల్‌కు 415 తగిలి కాలిపోతుంది.

కడప_ప్యానెల్:
ఇంకోటి. ఓవర్‌లోడ్ రిలేలు (కరెంటు మితిమీరితే మోటారును ఆపేవి) చూడ్డానికి ఒకటే, రేంజి వేరు. స్టార్ డెల్టాలో రిలే ఫేజ్‌లో (మోటారు వైండింగ్ దారిలో) ఉంటే సెట్టింగ్ లైన్ కరెంటులో 58 శాతమే. డబ్బాలోంచి ఏరుకోనివ్వకుండా ఆరు పీసుల కిట్ అదే వరుసలో ట్రాలీకెక్కించి పంపు.

స్టార్ డెల్టా కాంటాక్టర్ల (కరెంటు కలిపి తీసే స్విచ్‌ల) లోడు రాకపోతే స్టార్ డెల్టా వంతులో సింగిల్ దించు. ఆ బాకీ మర్నాడే తీర్చబోతే లైన్ కూలబడుతుంది. చుట్టుకు మిగులు 20 సెకన్లే. సింగిల్ తీసి స్టార్ డెల్టా పెడితే 70 సెకన్లు పోతాయి. కాబట్టి నాలుగు చుట్లకు ఒకటి, రోజుకు ఎనిమిది. 35 బాకీకి ఐదు రోజులు.